హైదరాబాద్‌లో ఆన్‌లైన్ స్కూలు నడపడం ఎలా: చిన్నగా మొదలుపెట్టేవారికి సమగ్ర మార్గదర్శి

ఆన్‌లైన్ స్కూలు పెట్టాలనుకునేవాళ్లు మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "జూమ్ తీసుకోవాలా, గూగుల్ మీట్ సరిపోతుందా?" అది అరపూటలో తేలిపోయే సంగతి. తేల్చకుండా వదిలేస్తే పీకల మీదికి వచ్చేవి వేరే రెండున్నాయి. చదువు పూర్తయ్యాక పిల్లల చేతికి ఎవరి సర్టిఫికెట్ వస్తుందన్నది మొదటిది. పొద్దున తొమ్మిదింటికి క్లాసులో కనిపించని పిల్లవాడి ఇంటికి ఎవరు ఫోన్ చేస్తారన్నది రెండోది. ఈ రెండింటికీ జవాబు కాగితం మీద రాసుకున్నాకే మిగతా పనుల జోలికి వెళ్లండి.

కార్పొరేట్ స్కూళ్లలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి బయటికొచ్చిన టీచర్లు, ఇంటి దగ్గర ట్యూషన్లు చెబుతూ దాన్నే పెద్దది చేద్దామనుకునేవాళ్లు, పిల్లల్ని స్కూలు మాన్పించి నలుగురు కలిసి ఏదైనా చేద్దామనుకునే తల్లిదండ్రులు, వీళ్ల కోసం రాస్తున్నాను. లెక్క సులువుగా ఉండటానికి ఒక కొలత పెట్టుకుందాం: ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా అరవై మంది పిల్లలు, ఎనిమిది మంది టీచర్లు, ఒక కోఆర్డినేటర్. పిల్లల్ని చేర్పించే ఆలోచనలో ఉన్నవాళ్లు కూడా చదవచ్చు. అవతలివాళ్లను ఏం అడగాలో తెలుస్తుంది.

1. సర్టిఫికెట్ ఎవరిదో ముందే తేల్చుకోండి

సీబీఎస్ఈ అఫిలియేషన్ కావాలంటే స్థలం, భవనం, ల్యాబులు, ఆటస్థలం చూపించాలి. బోర్డు పరీక్ష రాసే పిల్లలకు 75 శాతం హాజరు ఉండాలి. పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచే ప్రైవేటు స్కూలుకు ఆ చట్రంలో చోటు లేదు. అందుకని ఎవరైనా "మాది సీబీఎస్ఈ ఆన్‌లైన్ స్కూల్" అంటే రెండే అర్థాలు. సీబీఎస్ఈ సిలబస్ మాత్రమే చెబుతున్నారు, లేదా ఎక్కడో ఒక స్కూల్లో పేరు రాయించి ఇంట్లో చదివిస్తున్నారు. రెండోదాన్నే డమ్మీ స్కూలు అంటారు. సీబీఎస్ఈ కొన్నేళ్లుగా ఆకస్మిక తనిఖీలు చేసి అలాంటి స్కూళ్ల అఫిలియేషన్ రద్దు చేస్తోంది. మధ్యలో నలిగేది పదిలో, పన్నెండులో ఉన్న పిల్లలే. ఆ దారి తొక్కకండి.

మీ పిల్లలకు నిజంగా ఉన్న దారులు మూడు.

మొదటిది ఎన్ఐఓఎస్, అంటే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ. 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్‌గా మొదలైంది. కేంద్ర ప్రభుత్వ బోర్డు, హైదరాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. పదో తరగతికి 14 ఏళ్లు, పన్నెండుకు 15 ఏళ్లు నిండి ఉండాలి. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మేలో, అక్టోబర్-నవంబర్‌లో పబ్లిక్ పరీక్షలు జరుగుతాయి. ఐదు సబ్జెక్టులు పాస్ కావాలి, అందులో కనీసం ఒకటి భాష. అన్నీ ఒకేసారి రాయనక్కర్లేదు, ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలుంటాయి. ఈ ఒక్క వెసులుబాటు కోసమే ఆటల్లో ఉన్న పిల్లలు, ఆరోగ్యం బాగాలేని పిల్లలు ఇటు వస్తారు. పదికీ పన్నెండుకూ మధ్య రెండేళ్ల తేడా ఉండాలన్న నియమం ఒకటుంది. "ఒక్క ఏడాదిలో ఇంటర్ చేయించేస్తాం" అనేవాళ్ల మాట వినే ముందు దాన్ని గుర్తు చేసుకోండి. ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు ఎన్ఐఓఎస్‌లోనే ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్ అని ఏ, బీ, సీ స్థాయిలున్నాయి. అవి వరుసగా మూడు, ఐదు, ఎనిమిది తరగతులతో సమానం.

రెండోది తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ. పదో తరగతి, ఇంటర్ రెండూ ఉన్నాయి. తెలుగు మీడియంలో చదివే పిల్లలకు, రాష్ట్రంలోనే పై చదువులు చదవాలనుకునేవాళ్లకు ఇది దగ్గరగా ఉంటుంది.

మూడోది కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్ఈ, ఏ లెవెల్స్, అంటే మన పది, పన్నెండు తరగతుల స్థాయి విదేశీ బోర్డు పరీక్షలు. పిల్లలు ప్రైవేట్ క్యాండిడేట్లుగా రాయవచ్చు గానీ, వాళ్లను తీసుకునే పరీక్షా కేంద్రాన్ని ముందే వెతికి పట్టుకోవాలి. ఐజీసీఎస్ఈ సైన్సులో ల్యాబ్ ప్రాక్టికల్ బదులు రాతపూర్వకంగా రాసే పేపర్ ఎంచుకునే వీలుంది కాబట్టి ఆన్‌లైన్ పిల్లలకు ఇబ్బంది తక్కువ. పరీక్ష ఫీజే సబ్జెక్టుకు వేలల్లో ఉంటుంది. దాన్ని మీ ఫీజులో కలిపి చెప్పి తర్వాత నాలుక్కరుచుకోకండి. ఇక్కడి కాలేజీల్లో చేరేటప్పుడు ఈ చదువు ఇక్కడి పన్నెండో తరగతితో సమానమని అసోసియేషన్ ఆఫ్ ఇండియన్ యూనివర్సిటీస్ ఇచ్చే పత్రం అడగవచ్చు. సబ్జెక్టులు ఎంచుకునే రోజునే ఆ నిబంధనలు చదవాలి.

ఈ మూడింట్లోనూ పిల్లవాడు చేరేది బోర్డులో. మీరు చదువు చెప్పేవాళ్లు మాత్రమే. ఈ మాట తల్లిదండ్రులకు నోటితో చెబితే చాలదు, అడ్మిషన్ ఫారంలోనే పెద్ద అక్షరాల్లో రాసి సంతకం పెట్టించుకోండి. పేరు విషయంలోనూ జాగ్రత్త. విద్యాహక్కు చట్టం, 2009లోని 18వ సెక్షన్ ప్రకారం గుర్తింపు లేకుండా స్కూలు నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాత కూడా నడిపితే రోజుకు పది వేల దాకా. ఇంట్లో చదివించడం గురించి ఆ చట్టం ఏమీ చెప్పదు. గుర్తింపు లేని స్కూలు గురించి మాత్రం స్పష్టంగా చెబుతుంది. అందుకే తెలిసినవాళ్లు "అకాడమీ", "లెర్నింగ్ సెంటర్" అని రిజిస్టర్ చేసుకుంటారు. లాయరును కలవాల్సిన చోటు ఏదైనా ఉంటే అది ఇదే.

ప్రభుత్వాలే నడిపే ఆన్‌లైన్ స్కూళ్లూ ఉన్నాయి. 2022 ఆగస్టు 31న ఢిల్లీ ప్రభుత్వం వర్చువల్ స్కూల్ మొదలుపెట్టి దేశంలో ఇదే మొదటిదని చెప్పుకుంటే, మేం 2021లోనే మొదలుపెట్టామని ఎన్ఐఓఎస్ బదులిచ్చింది. ఎవరు మొదటన్న గొడవ వాళ్లది. తల్లిదండ్రులు మిమ్మల్ని వాటితో పోల్చి అడుగుతారు కాబట్టి తెలిసి ఉండటం మంచిది.

ఇక మన దగ్గర బయటివాళ్లకు అర్థం కాని చిక్కు ఒకటుంది: లోకల్. ఈఏపీసెట్ లాంటి వాటిలో సీటు దగ్గరికి వచ్చేసరికి పిల్లవాడు స్థానికుడా కాదా అన్నది వరుసగా చదివిన స్టడీ సర్టిఫికెట్లతో తేలుస్తారు. స్కూలుకు వెళ్లని పిల్లలకు ఆ సర్టిఫికెట్లుండవు. అప్పుడు తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువీకరణ పత్రం మీద ఆధారపడాలి. కిరాయి ఇళ్లు మారుతూ ఉండే కుటుంబాలకు ఇది టెన్షన్ పెట్టే పని. పిల్లవాడు చేరిన ఏడాదే అద్దె ఒప్పందాలు, కరెంటు బిల్లులు, గ్యాస్ బిల్లులు ఒక ఫైల్లో పెట్టుకోమని చెప్పండి.

జేఈఈ, నీట్ సంగతి ప్రతి తండ్రీ అడుగుతాడు. ఎన్ఐఓఎస్‌లో కనీసం ఐదు సబ్జెక్టులతో పన్నెండు పాసైనవాళ్లు జేఈఈ మెయిన్ రాయవచ్చు. నీట్ విషయంలో ఓపెన్ స్కూల్ పిల్లలు పనికిరారని ఒకప్పుడు అడ్డుపెట్టారు, ఆ అడ్డు ఇప్పుడు లేదు.

2. ఎవరిని చేర్చుకోవాలి

చేరడానికి వచ్చే పిల్లలు రకరకాలు. గచ్చిబౌలిలోనో పుల్లెల గోపీచంద్ అకాడమీ లాంటి చోటో పొద్దున, సాయంత్రం బ్యాడ్మింటన్ ఆడేవాళ్లుంటారు. నాన్న ఉద్యోగంతో పాటు ఊళ్లు మారేవాళ్లుంటారు. డల్లాస్‌లో, దుబాయ్‌లో ఉండి తెలుగు, లెక్కలు ఇక్కడి టీచర్ల దగ్గరే నేర్చుకోవాలనుకునేవాళ్లుంటారు. స్కూల్లో ఏడిపించారనో, రోజంతా క్లాసు, సాయంత్రం మళ్లీ స్టడీ అవర్ తట్టుకోలేకనో బయటికొచ్చినవాళ్లు వీళ్లందరికంటే ఎక్కువ. చివరి రకం పిల్లలకు మొదటి నెల సిలబస్ మీద చూపు పెట్టకండి. మాట్లాడటం మొదలుపెడితే చాలు.

పగలు ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేని ఇంటి నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లల్ని తీసుకోవద్దన్నది నా అభిప్రాయం. అమ్మమ్మ ఉన్నా చాలు, కానీ ఎవరో ఒకరుండాలి. మూడో తరగతి లోపు వాళ్లకైతే పూర్తి ఆన్‌లైన్ చదువు అసలు వద్దు. వాళ్లు నేర్చుకునేది చేతులతో, పక్కవాళ్లతో. చేర్చుకునే ముందు వారం రోజులు ఉచితంగా కూర్చోబెట్టండి. పిల్లవాడికి నచ్చిందో లేదో మూడో రోజుకే తెలిసిపోతుంది, తల్లిదండ్రులకు నచ్చిందో లేదో ఆఖరి రోజుకు తెలుస్తుంది.

3. టైంటేబుల్

చాలామంది మామూలు స్కూలు టైంటేబుల్‌నే తెర మీదికి ఎక్కిస్తారు. ఎనిమిది పీరియడ్లు వరుసగా. రెండు వారాలకే పిల్లలు కెమెరా ఆపేసి పడుకుంటారు. కరోనా రోజుల్లో, 2020 జులైలో, కేంద్ర విద్యాశాఖ ప్రజ్ఞత పేరుతో ఇచ్చిన మార్గదర్శకాలు ఇప్పటికీ పనికొస్తాయి. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజుకు 30 నుంచి 45 నిమిషాల క్లాసులు రెండుకు మించొద్దని, తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగుకు మించొద్దని వాటిలో ఉంది.

మన కొలతతో లెక్క వేద్దాం. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు రోజుకు రెండేసి, తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేసి అంటే మొత్తం 22 లైవ్ పీరియడ్లు. ఎనిమిది మంది టీచర్లకు పంచితే ఒక్కొక్కరికి మూడు లోపే. మిగిలిన సమయం ఖాళీ అనుకునేరు. నోట్సు దిద్దడం, ఫోన్లు, వెనకబడ్డవాళ్లతో విడిగా కూర్చోవడం, ఇవన్నీ అందులోనే జరగాలి. ఆన్‌లైన్ టీచర్‌కు రోజుకు ఆరు లైవ్ క్లాసులు వేసే యాజమాన్యానికి ఈ పనులేవీ కనిపించవు.

పొద్దున తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా లైవ్ క్లాసులు. మధ్యాహ్నం సొంత పని: చదవడం, లెక్కలు చేయడం, రికార్డు చేసిన పాఠం చూడటం. మూడున్నర నుంచి ఐదు దాకా డౌట్ల గది, వచ్చేవాళ్లు వస్తారు. అమెరికా పిల్లలుంటే వాళ్లకు విడిగా బ్యాచ్ పెట్టాలి. మనకు పొద్దున ఆరున్నర అయితే డల్లాస్‌లో ముందు రోజు రాత్రి, వేసవిలో ఎనిమిది, చలికాలంలో ఏడు. అక్కడ గడియారాలు మార్చే రోజున మీ టైంటేబుల్ కూడా గంట జరుగుతుందని తల్లిదండ్రులకు నెల ముందే చెప్పండి.

సెలవుల విషయంలో తెలివితేటలు చూపించకండి. దసరా, బతుకమ్మ, బోనాలు, సంక్రాంతి పక్కింటి పిల్లలకు సెలవైతే మీ పిల్లలకూ సెలవే. "మేం సెలవుల్లేకుండా చెబుతాం" అనేది గొప్ప కాదు.

4. టీచర్లను ఎలా ఎంచుకోవాలి

డెమో క్లాసులో బాగా మాట్లాడేవాళ్లను కాదు, ఆగి వినేవాళ్లను తీసుకోండి. ఇంటర్వ్యూలో ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఏడో తరగతి పిల్లవాడు చేసిన తప్పు లెక్క ఫోటో ఒకటి ఇచ్చి, "ఈ బాబుకు ఫోన్‌లో రెండు నిమిషాల్లో చెప్పండి" అనండి. సరైన జవాబు చెప్పేసేవాళ్లు కొందరు, "ఈ మైనస్ ఇక్కడికి ఎలా వచ్చింది నాన్నా?" అని అడిగేవాళ్లు కొందరు. రెండో రకం మీకు కావాలి.

ప్రతి పది మంది పిల్లలకు ఒక మెంటర్ ఉండాలి. సబ్జెక్టు ఏదైనా సరే, ఆ పది మంది మంచీచెడ్డా ఆ టీచర్ బాధ్యత. వారానికోసారి ఒక్కొక్కరితో పది నిమిషాలు. మామూలు స్కూల్లో కారిడార్లో ఎదురైనప్పుడు "ఏరా, డల్లుగా ఉన్నావ్?" అని అడిగే అవకాశం ఉంటుంది. ఇక్కడ దాన్ని టైంటేబుల్లో రాసి పెట్టుకోకపోతే జరగదు.

5. సామాను, నెట్, కరెంటు

క్లాసుకు జూమ్, మీట్ ఏదైనా సరే. జూమ్ ఉచిత ప్లాన్‌లో క్లాసు 40 నిమిషాలకు ఆగిపోతుంది. మన పీరియడ్ కూడా అంతే కాబట్టి కొందరు దాంతోనే నెట్టుకొస్తారు. హోంవర్కుకు గూగుల్ క్లాస్‌రూమ్ లేదా మూడుల్ చాలు. మూడుల్ ఉచితమే గానీ చూసుకునే మనిషి ఉండాలి. ఇంకో సంగతి, గూగుల్ విద్యాసంస్థలకు ఇచ్చే ఉచిత ఖాతాలకు గుర్తింపు ఉన్న సంస్థ అయి ఉండాలి. మీకు రాకపోవచ్చు, మామూలు ప్లాన్ ఖర్చు బడ్జెట్లో వేసుకోండి.

టీచర్ ఇంట్లో ఫైబర్ కనెక్షన్, దానికి తోడు ఫోన్ హాట్‌స్పాట్. వానాకాలంలో మన కాలనీల్లో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఇన్వర్టర్ లేని ఇంట్లో రౌటర్‌కు మాత్రమే పనిచేసే చిన్న యూపీఎస్ పెడితే ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపు క్లాసు ఆగదు. పిల్లలకు సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కావాలంటే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దొరుకుతుంది. కొనేటప్పుడు మైకు, కెమెరా, బ్యాటరీ అక్కడే పరీక్షించి చూసుకోమనండి. ఫోన్ మీద చదువు ఆరు నెలలు దాటితే మెడ, కళ్లు రెండూ పోతాయి.

6. నలభై నిమిషాల్లో ఏం జరగాలి

2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠాలు వచ్చాయి. పాఠాలు బాగానే తయారుచేశారు. టీవీకి మాత్రం ఇవతలి పిల్లవాడు నిద్రపోతున్నాడో లేదో తెలియదు. లైవ్ క్లాసు కూడా టీచర్ ఒక్కరే మాట్లాడితే టీవీయే. దానికన్నా రికార్డింగ్ నయం, ఆపి మళ్లీ వినొచ్చు.

మొదటి ఐదు నిమిషాలు నిన్నటి పాఠం మీద ఒక ప్రశ్న. తర్వాత పన్నెండు నిమిషాల్లో కొత్త విషయం, అంతకు మించి కాదు. ఆ తర్వాత అందరూ పుస్తకంలో ఒక లెక్క చేసి కెమెరాకు చూపించాలి. ఇక్కడ పనికొచ్చే కిటుకు ఒకటుంది. "అర్థమైందా?" అని అడిగితే చాట్‌లో "యెస్ మేడమ్" వరుసగా పడతాయి, ఎవరికి అర్థమైందో దేవుడికే తెలియాలి. దానికి బదులు "రెండో లైన్లో ఎక్స్ విలువ ఎంతో చాట్‌లో టైప్ చేసి పెట్టుకోండి, నేను చెప్పేదాకా ఎంటర్ నొక్కొద్దు" అనండి. మూడు లెక్కపెట్టి "ఇప్పుడు" అంటే తొమ్మిది జవాబులు ఒకేసారి పడతాయి. ఒకరిది చూసి ఒకరు రాసే వీలుండదు. ఎవరు ఎక్కడున్నారో ఐదు సెకన్లలో తెలుస్తుంది.

కెమెరా గురించి రోజూ తగవే. ముఖం చూపించడానికి పదమూడేళ్ల పిల్లలు ఎందుకు ఇష్టపడరో పదమూడేళ్లప్పటి మనల్ని అడిగితే తెలుస్తుంది. పేరు పిలిచేటప్పుడు ముఖం, పని చేసేటప్పుడు పుస్తకం కనపడాలి, మిగతాప్పుడు వాళ్లిష్టం. నాకు తెలిసి నిలిచే నియమం ఇదొక్కటే. ఒకే గదిలో కుటుంబమంతా ఉండే ఇళ్లుంటాయి. వెనక ఏం కనిపిస్తుందోనని పిల్లలు సిగ్గుపడతారు. బ్యాక్‌గ్రౌండ్ మసకబార్చడం ఎలాగో మొదటి రోజే నేర్పండి.

సైన్సుకు వంటింటి సామాను చాలావరకు సరిపోతుంది. తెల్ల కాగితం మీద పసుపు నీళ్లు రాసి ఆరబెట్టి, ఒక చుక్క సబ్బు నీళ్లు వేస్తే ఎర్రబడుతుంది. పైన నిమ్మరసం పిండితే మళ్లీ పసుపవుతుంది. ఆమ్లం, క్షారం పాఠం అయిపోయినట్టే. పై తరగతుల ప్రాక్టికల్స్‌కు మాత్రం ఓపెన్ స్కూల్ బోర్డు స్టడీ సెంటర్‌లో నిజమైన ల్యాబుకు వెళ్లాల్సిందే.

తెలుగును వారానికి ఒక పీరియడ్‌కు కుదించకండి. 2018 చట్టంతో తెలంగాణ బడుల్లో తెలుగు తప్పనిసరి అయింది. ఆన్‌లైన్‌కు వచ్చేసరికి మొదట కోత పడేది దానికే.

7. హాజరు: అసలు స్కూలు ఇక్కడ నడుస్తుంది

తొమ్మిదింటికి క్లాసు. తొమ్మిదీ ఐదుకు టీచర్ రాని పిల్లల పేర్లు గ్రూపులో పెట్టాలి. తొమ్మిదీ పది లోపు కోఆర్డినేటర్ ఫోన్ చేయాలి. మెసేజ్ కాదు, ఫోన్.

"నమస్తే మేడమ్, స్కూల్ నుంచి మాట్లాడుతున్నా. బాబు ఇంకా క్లాసులోకి రాలేదండీ."

"అదేంటండీ, నేను బయల్దేరేటప్పుడే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు కదా!"

ఆమె ఆఫీసు క్యాబ్‌లో ఉంది, మాదాపూర్ సిగ్నల్ దగ్గర. బాబు ల్యాప్‌టాప్ ముందే ఉన్నాడు, తెరిచింది మాత్రం గేమ్. ఇలాంటప్పుడు కోఆర్డినేటర్ చేయాల్సిన పని ఫిర్యాదు కాదు. "ఏం పర్లేదు మేడమ్, మీరు వాడికి ఒక్క కాల్ చేసి లింక్ నొక్కమనండి చాలు, మిగతాది నేను చూసుకుంటా. సాయంత్రం తిట్టకండి" అనాలి. తల్లి సాయంత్రం ఇంటికెళ్లి చీవాట్లు పెడితే, మర్నాడు పిల్లవాడు క్లాసులోకి వస్తాడు గానీ మైకూ కెమెరా ఆపేసి ఆటే ఆడతాడు.

ప్రతి ఫోనుకూ ఒక లైను రాసి పెట్టుకోండి: తేదీ, ఎవరితో మాట్లాడారు, ఏం చెప్పారు. మామూలు ఎక్సెల్ షీట్ చాలు. రెండు వారాల్లో మూడు గైర్హాజర్లు కనిపిస్తే మెంటర్ పిల్లవాడితోనే మాట్లాడాలి, పక్కన అమ్మానాన్న లేకుండా, కానీ వాళ్లకు తెలిసేలా. సోమవారాలే రాకపోతే ఒక కారణం, లెక్కల పీరియడ్‌కే రాకపోతే ఇంకో కారణం. ఆ షీటు చూస్తే తప్ప ఆ తేడా కనపడదు. అరవై మంది దాటి స్కూలు పెంచాలనుకున్నప్పుడు మొదట తీసుకోవాల్సింది ఇంకో టీచర్‌ను కాదు, ఫోన్ చేసే ఇంకో మనిషిని.

8. నోట్సు దిద్దడం

పిల్లలు పంపే ఫోటోల్లో సగం ట్యూబ్‌లైట్ కింద తీసినవే. పేజీ మీద ఫోన్ నీడ, మూలన బొటనవేలు. కిటికీ పక్కన పుస్తకం పెట్టి, నిటారుగా పైనుంచి తీసి, పేజీలన్నీ ఒకే పీడీఎఫ్‌గా పంపడం మొదటి వారంలోనే నేర్పాలి. పేజీ పైన పేరు, తేదీ, పాఠం.

అన్నీ దిద్దాలని చూస్తే టీచర్ రాత్రి పన్నెండు దాకా కూర్చోవాలి. ఒక ప్రశ్నను పూర్తిగా దిద్దండి, మిగతావి చూసినట్టు టిక్ పెట్టండి. లెక్కలో తప్పు మొదలైన లైన్ పక్కన చిన్న గీత చాలు, అక్కడినుంచి వాళ్లే చేసి మళ్లీ పంపుతారు. టైప్ చేసిన జవాబులు తీసుకోకండి. బోర్డు పరీక్ష కాగితం మీద పెన్నుతో, దాదాపు మూడు గంటలు. ఏడాదంతా కీబోర్డు మీద రాసిన పిల్లలకు గంట తిరిగేసరికి వేళ్లు లాగుతాయి, తెలుగులో ఒత్తులు ఎగిరిపోతాయి. పరీక్షకు నాలుగు నెలల ముందు నుంచి వారానికొకసారి గడియారం పెట్టుకుని పూర్తి పేపరు రాయించండి.

9. పరీక్షలు

లోపలి పరీక్షల్లో కాపీ కొట్టకుండా రెండు కెమెరాలు, తెర లాక్ చేసే సాఫ్ట్‌వేర్లు అని ఖర్చు పెట్టకండి. రాతపరీక్ష తర్వాత ఐదు నిమిషాలు మౌఖికంగా అడగండి: "మూడో ప్రశ్నకు ఇలా రాశావు కదా, ఎందుకు?" ఎవరు రాశారో అక్కడే బయటపడుతుంది.

ఎన్ఐఓఎస్‌లో టీఎంఏ అనే అసైన్‌మెంట్లకు 20 శాతం విలువ ఉంది. ఇంటర్నెట్‌లో దొరికే జవాబులు దించి పంపేవాళ్లు కోకొల్లలు. చివరి తేదీకి నెల ముందే క్లాసులో కూర్చోబెట్టి సొంతంగా రాయించండి. పరీక్షా కేంద్రం ఎక్కడ పడిందో హాల్ టికెట్ వచ్చేదాకా తెలియదు. ఉప్పల్లో ఉండే పిల్లవాడికి పటాన్‌చెరు వైపు పడితే ఎలా వెళ్లాలో ముందు రోజే ఒకసారి చూసి రమ్మనండి. స్కూలు బెంచీ మీద కూర్చుని ఏళ్లయిన పిల్లలకు ఆ హాలే సగం భయం.

10. భద్రత

టీచర్ సొంత నంబర్ నుంచి పిల్లలకు మెసేజ్ పెట్టకూడదు. స్కూలు నంబరుండాలి, ఆ ఫోన్ చూసే పెద్దవాళ్లు ఇద్దరుండాలి. విడిగా చెప్పే క్లాసైతే ఇంట్లో తలుపు తెరిచి ఉండాలి, రికార్డు కావాలి. క్లాసులో పిల్లల మధ్య ప్రైవేట్ చాట్ ఆపేయండి. వెయిటింగ్ రూమ్ పెట్టి పేరు చూసి మాత్రమే లోపలికి తీసుకోండి. రికార్డింగులు ఎన్నాళ్లు ఉంచుతారో, ఎవరు చూస్తారో రాసి ఇవ్వండి. క్లాసు స్క్రీన్‌షాట్లు ప్రచారానికి వాడేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ప్రకారం 18 ఏళ్ల లోపు అందరూ పిల్లలే, వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ముఖ్యం.

పిల్లలెవరైనా లైంగిక వేధింపు గురించి చెబితే, అది ఇంట్లోదైనా బయటదైనా, పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. "ముందు మనం విచారిద్దాం" అనే అధికారం యాజమాన్యానికి లేదు, దాచిపెడితే శిక్ష ఉంది. 1098 పిల్లల హెల్ప్‌లైన్, 1930 సైబర్ నేరాలకు. ఈ రెండు నంబర్లూ పిల్లల టైంటేబుల్ కాగితం మీదే అచ్చు వేయండి.

11. డబ్బు

నెలకు నాలుగు వేల ఫీజు అనుకుంటే అరవై మందికి 2,40,000. ఎనిమిది మంది టీచర్లకు సగటున 22,000 చొప్పున 1,76,000. కోఆర్డినేటర్‌కు 20,000. నెట్, సాఫ్ట్‌వేర్, ఫోన్లు 15,000. మిగిలేది 29,000. ఇద్దరు ముగ్గురు ఫీజు ఆలస్యం చేస్తారు, వేసవిలో కొత్తవాళ్లు వచ్చేదాకా పాతవాళ్లు మానేస్తారు. పెద్ద లాభాలు చూపించే ప్లాన్లు ఎవరైనా తెస్తే అందులో టీచర్ల జీతం లైను చూడండి.

ఈ లెక్కలోనే ఒక గుంట ఉంది. నెలకు 2,40,000 అంటే పది నెలలకే 24 లక్షలు. సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ హద్దు ఏడాదికి 20 లక్షలు. గుర్తింపు ఉన్న స్కూలు ఫీజుకు జీఎస్టీ మినహాయింపు ఉంది, కోచింగ్, ట్యూషన్లకు 18 శాతం పడుతుంది. మీరు చట్టం కళ్లలో రెండో రకమే కాబట్టి మొదటి నుంచీ చార్టెర్డ్ అకౌంటెంట్‌తో లెక్కలు వేయించండి.

ఫీజు నెలనెలా తీసుకోండి. ఏడాది ఫీజు లోన్ మీద కట్టించడం, ఖాతాలోంచి ఆటోమేటిక్‌గా డబ్బు లాగడం లాంటివి వద్దు. ఆటో డెబిట్ విషయంలో జాగ్రత్తగా ఉండమని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబర్‌లోనే తల్లిదండ్రులను హెచ్చరించింది. మానేస్తామన్నవాళ్లకు మిగిలిన డబ్బు వారంలో తిరిగిచ్చేయండి. కొంపల్లిలో ఒక తల్లి ఇంకో తల్లితో ఏం చెబుతుందన్నదే మీ ప్రచారం.

12. నెలకోసారి నేల మీద

నగరంలో ఉన్న పిల్లలందరినీ నెలకో శనివారం ఒకచోటికి చేర్చండి. సాలార్‌జంగ్ మ్యూజియం, బిర్లా సైన్స్ మ్యూజియం, కొత్తగూడ బొటానికల్ గార్డెన్, అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, చోటుకు కొదవలేదు. వర్క్‌షీట్లు ఇవ్వకండి. ఆరు నెలలుగా తెర మీద చిన్న చదరంగా చూసిన స్నేహితుడు ఇంత పొడుగా అని నోరు తెరుచుకుంటారు, ఆ రోజుకు అదే పాఠం. తల్లిదండ్రులకు కూడా ఒకరి నంబర్లు ఒకరికి దొరుకుతాయి. చాలా సమస్యలు మీ దాకా రాకుండా అక్కడే తీరిపోతాయి.

13. వెళ్లిపోయే పిల్లల కాగితాలు

కొందరు ఏడాదికే మామూలు స్కూలుకు తిరిగి వెళతారు. అది మీ ఓటమి కాదు, వాళ్ల దారి వాళ్లది. కానీ మీరు టీసీ ఇవ్వలేరు. కాబట్టి పిల్లవాడు పాత స్కూలు వదిలేటప్పుడే అక్కడి టీసీ, ప్రోగ్రెస్ కార్డులు, పెన్ అనే శాశ్వత విద్యా సంఖ్య తీసుకుని తల్లిదండ్రుల దగ్గర పెట్టించండి. పాత బకాయిల వంకతో టీసీ నెలల తరబడి ఆపే స్కూళ్లుంటాయి, ఆ పని తేలకుండా అడ్మిషన్ పూర్తి చేయకండి. మీ వైపు నుంచి ఏ సబ్జెక్టులో ఎంతదాకా అయ్యిందో, హాజరు ఎంతో, దిద్దిన పేపర్ల నకళ్లతో ఒక ఫైలు తయారుచేసి ఇవ్వండి. కొత్త స్కూలు ప్రవేశ పరీక్ష పెడుతుంది, పెట్టనివ్వండి. ఆ పరీక్షకు రెండు వారాల ముందు మెంటర్‌తో నాలుగు క్లాసులు అదనంగా పెట్టించండి, దానికి ఫీజు తీసుకోకండి.